సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనాలు: తిరువళ్ళూరు, తిరుత్తణి సీమ నుంచి ఒక చూపు

సైన్స్ ఫిక్షన్ అభిమాన సమ్మేళనం అంటే ఆ కథలు చదివేవాళ్లు, రాసేవాళ్లు, వాటికి బొమ్మలు వేసేవాళ్లు ఏటా ఒక ఊళ్లో చేరి రెండు మూడు రోజులు కలిసి గడిపే సభ. నడిపేవాళ్లు జీతాలు తీసుకోరు. వచ్చేవాళ్లు చందా కట్టి సభ్యులవుతారు, టికెట్టు కొన్న ప్రేక్షకులు కారు. పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది. పొద్దున వేదిక మీద మాట్లాడిన రచయిత మధ్యాహ్నం భోజనాల వరసలో మన వెనకే నిలబడతాడు. ఏటా ఒకే ప్రాంతంలోని ఊళ్లు తిరుగుతూ జరిగేదాన్ని ప్రాంతీయ సమ్మేళనం అంటారు.

తిరువళ్ళూరులో గానీ తిరుత్తణిలో గానీ ఇలాంటి సభ పేరు పెట్టుకుని జరగలేదు. అయినా ఈ సీమలో కూర్చుని దీని చరిత్ర చూడడంలో ఒక సౌలభ్యం ఉంది. సమ్మేళనం పుట్టిన చోటల్లా మూడు వస్తువులు కనిపిస్తాయి: పాఠకుల ఉత్తరాలు వేసే పత్రిక, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగే రైలు, అద్దెకు దొరికే హాలు. మద్రాసుకు పడమటగా ఉన్న ఈ రైలు దారి ఊళ్లలో మూడూ ఉన్నాయి. కాకపోతే తెలుగువాళ్లకు హాలు అంటే సినిమా హాలే అయింది.

ఉత్తరాల పేజీ

1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే సంపాదకుడు న్యూయార్క్‌లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక మొదలుపెట్టాడు. అచ్చంగా సైన్స్ ఫిక్షన్ కోసమే వెలువడిన మొదటి ఇంగ్లీషు పత్రిక అది. అందులో ఉత్తరాలు రాసినవాళ్ల పేరుతోపాటు ఇంటి నంబరు, వీధి కూడా అచ్చయ్యేవి. దాంతో పాఠకులు సంపాదకుణ్ణి పక్కనపెట్టి ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంతా చేస్తే చాలామంది బడి ఈడు, కాలేజీ ఈడు కుర్రాళ్లే. 1930 మే నెలలో వాళ్లే 'ది కామెట్' అనే చిట్టి పత్రిక తెచ్చారు. అభిమానులు అభిమానుల కోసం వేసుకునే పత్రికల్లో అది మొదటిదిగా లెక్క.

ఈ చిట్టి పత్రికలు మన లిఖిత పత్రికలకు చుట్టాలే. మన కాలేజీల్లో అందంగా రాసి, బొమ్మలు అతికించి, ఒకే ప్రతిని చేతులు మార్చుకుని చదివేవాళ్లు. అమెరికా కుర్రాళ్లు అలాంటి దాన్ని ఓ యాభై ప్రతులు తీసే ఉపాయం పట్టుకున్నారు. వెడల్పాటి పళ్లెంలో జెలటిన్ ఉడికించి పోసి ఆరనిస్తారు. ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద బోర్లా పరిచి అద్దితే అక్షరాలు జెలటిన్‌లోకి దిగుతాయి. ఆపైన తెల్లకాగితం ఒక్కొక్కటే వేసి, అరచేత్తో రాసి, తీస్తూ పోవడమే. మొదటి పది ప్రతులు ముదురు ఊదాగా వస్తాయి, నలభయ్యోది వచ్చేసరికి అక్షరం వెలిసిపోతుంది. చేతులకు అంటిన రంగు మాత్రం ఓ పట్టాన పోదు.

రైలెక్కి వెళ్లిన తొలి సభ

1936 అక్టోబరు 22న న్యూయార్క్ అభిమానులు అరడజను మందికి పైగా రైలెక్కి ఫిలడెల్ఫియా వెళ్లారు. దూరం నూటయాభై కిలోమీటర్లు. అక్కడి కుర్రాళ్లు స్టేషనుకు వచ్చి ఎదుర్కొని, కాసేపు ఊరు చూపించి, మిల్టన్ రోత్‌మన్ ఇంటికి తీసుకెళ్లారు. రోత్‌మన్‌ను అధ్యక్షుడిగా, ఫ్రెడరిక్ పోల్‌ను కార్యదర్శిగా ఎన్నుకుని ఆ కూడికకు 'సమ్మేళనం' అని పేరు పెట్టేశారు. పోల్ తర్వాత పేరున్న రచయిత, సంపాదకుడు అయ్యాడు.

ఇంగ్లండు వాళ్లు దీన్ని ఒప్పుకోరు. ముందుగా ప్రకటించి, హాలు మాట్లాడుకుని చేసిన మొదటి సమ్మేళనం 1937 జనవరి 3న లీడ్స్‌లో తాము జరిపిందేనంటారు. వచ్చింది ఇరవై మందికి అటూ ఇటూ. అందులో పందొమ్మిదేళ్ల ఆర్థర్ సి. క్లార్క్ ఒకడు. ఆ సభ జరిగిన చోటు లీడ్స్‌లోని థియోసాఫికల్ హాలు! దివ్యజ్ఞాన సమాజం 1882 నుంచి మద్రాసు అడయారులోనే కేంద్రం పెట్టుకుని ఉంది. ఆ సమాజం చేరదీసిన జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టిన తెలుగువాడు. సైన్స్ ఫిక్షన్ అభిమానులకు ఆ హాలుతో సిద్ధాంత సంబంధమేమీ లేదు, వాళ్లకు కావలసింది అద్దెకు దొరికే గది. అయినా మన వైపు నుంచి చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది.

1939 జులై 2 నుంచి 4 వరకు న్యూయార్క్‌లో మొదటి 'ప్రపంచ' సమ్మేళనం జరిగింది. ఆ పేరు ప్రపంచ దేశాలన్నీ వచ్చాయని కాదు, ఆ ఏడు ఊళ్లో వరల్డ్స్ ఫెయిర్ జరుగుతోందని పెట్టింది. సుమారు రెండు వందల మంది వచ్చారు. పత్రికల ముఖచిత్రాలు గీసే ఫ్రాంక్ ఆర్. పాల్ గౌరవ అతిథి. కాలిఫోర్నియా నుంచి ఫారెస్ట్ ఆకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల వేషాల్లో దిగారు. ఆ బట్టలు డగ్లస్ తన చేత్తో కుట్టినవి. ఇవాళ హైదరాబాదులో, చెన్నైలో పిల్లలు వేసుకుంటున్న కాస్‌ప్లే వేషాలకు మూలం వెతికేవాళ్లు అక్కడికే వెళ్తారు.

ఆ సభ గుమ్మంలోనే గొడవా జరిగింది. నిర్వాహకుల్లో ఒకడైన శామ్ మాస్కొవిట్జ్‌కు రేడియేటరు వెనక దాచిన పసుపుపచ్చ కరపత్రాల కట్ట దొరికింది. ప్రత్యర్థి వర్గంలో ఆరుగురిని లోపలికి రానివ్వలేదు. వాళ్లలో పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉన్నారు. కరపత్రం రాసిన డేవిడ్ కైల్ మాత్రం లోపలే హాయిగా కూర్చున్నాడు. మన సాహిత్య సంఘాల చీలికలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ప్రాంతీయ సభలు ఆ తర్వాత వచ్చాయి. 1941లో బోస్టన్‌లో బోస్కోన్, 1950లో ఒహాయోలో మిడ్‌వెస్ట్‌కాన్. వీటిలో వెస్టర్‌కాన్ తీరు ప్రత్యేకం. తూర్పు తీరంలో జరిగే సభలకు అంత దూరం ప్రయాణం పెట్టుకోలేని లాస్ ఏంజెలెస్ అభిమానులు 1948లో ఒక్కరోజు సభగా దాన్ని మొదలుపెట్టారు. మొదటిసారి వంద మంది కూడా రాలేదు. తర్వాత అది జులై 4 సెలవులకు మారి, పడమటి ఊళ్లన్నీ తిరిగింది. ఏ ఊరివాళ్లు సభ పెట్టదలిచినా ముందుగా పేరు ఇవ్వాల్సి ఉండేది, సభ్యులు ఓటు వేసి ఊరిని ఎంచేవాళ్లు. ఎక్కడి ఊరైనా సరే, పశ్చిమ రేఖాంశం 104 డిగ్రీలకు అవతల ఉండాల్సి వచ్చేది. తిరుత్తణి ఆంధ్రదో మద్రాసుదో తేల్చడానికి మనకు పటాస్కర్ అనే మధ్యవర్తి కావలసి వచ్చింది. వెస్టర్‌కాన్ వాళ్లు అట్లాసు ముందు పెట్టుకుని ఒక గీత చూసుకున్నారు, అంతే.

మద్రాసు అచ్చు, సరిహద్దు పాఠకులు

భారతదేశంలో సైన్స్ ఫిక్షన్ తొలి అడుగుల్లో ఒకటి మద్రాసులోనే పడింది. బెంగాలీ రచయిత్రి రొకెయా ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. అందులో ఆడవాళ్లు ఎండను కూడబెట్టి వంట చేస్తారు, మబ్బుల నుంచి నీళ్లు దించుకుంటారు, గాలిలో బండ్లు నడుపుతారు. మగవాళ్లు ఇంట్లో పరదాల వెనక ఉంటారు. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రి ఆడపడుచు. ఆ కథ గురించి రాసే తెలుగువాళ్లు ఈ మాట చెప్పడం మరిచిపోతుంటారు.

తెలుగులో ఈ రకం రచనకు ఆద్యుడిగా 'విహంగ యానం' రాసిన టేకుమళ్ళ రాజగోపాలరావును చెప్పేవాళ్లున్నారు. తర్వాతి కాలంలో మహీధర నళినీమోహన్ సైన్సును కబుర్లలా రాసి పిల్లల్లో ఆ రుచి పుట్టించారు. యండమూరి వీరేంద్రనాథ్ 'చీకట్లో సూర్యుడు', 'యుగాంతం' వారపత్రికల పాఠకులకు ఖగోళశాస్త్రాన్ని ఉత్కంఠతో కలిపి అందించాయి. అమెరికాలో కంప్యూటరు ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు, 'కుజుడి కోసం' రాసిన డాక్టర్ చిత్తర్వు మధు ఈ దారిని తర్వాతి తరానికి చేర్చారు. రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ కొరత రాలేదు. వాళ్లంతా ఒకచోట కలవడం మాత్రం అరుదు.

తిరుత్తణి వైపు పాఠకుల సంగతి ఇంకా విచిత్రం. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి ఒక తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆంధ్రలోకి వెళ్లింది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం కింద 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి చేరింది. పళ్ళిపట్టు చుట్టుపక్కల ఊళ్లూ దానితో వెళ్లాయి. బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. నాటి ఆందోళనల్లో తమిళుల పక్షాన మ.పొ.శివజ్ఞానం, మంగళంకిళార్ పేర్లు గట్టిగా వినిపిస్తాయి. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ మార్పు నాటికి ఉపరాష్ట్రపతి. రాష్ట్రం మారినా ఇళ్లలో భాష మారలేదు. అరక్కోణం, రేణిగుంట దారిలో రైలు ఇటు మద్రాసుకూ అటు తిరుపతికీ తిరుగుతూనే ఉంది.

ఆ ఇళ్లలో 'చందమామ' ఒక వింత పని చేసింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ఆ పత్రికను తెలుగులో 'చందమామ'గా, తమిళంలో 'అంబులిమామ'గా ఒకేసారి మొదలుపెట్టారు. తెలుగు బడికి వెళ్లే అన్న, తమిళ బడికి వెళ్లే తమ్ముడు ఉన్న ఇంట్లో ఒకే బొమ్మ కింద రెండు లిపులన్నమాట. చిత్రకారుడు 'చిత్ర' గీసిన అదే మాంత్రికుడు, అదే కత్తి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం వరసగా పన్నెండు సీరియల్స్ రాశారు. అవి జానపద కల్పనలే గానీ 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' చదివి పెరిగినవాళ్లే తర్వాత సైన్స్ ఫిక్షన్‌కు సిద్ధంగా ఉన్న పాఠకులు.

ఇక్కడే చిక్కు పడింది. చందమామ ఆ సీరియల్స్‌కు రచయిత పేరు వేయలేదు. ఇరవై ఏళ్లకు పైగా నెలనెలా ఎదురుచూసినవాళ్లకు రాసిందెవరో తెలియదు. ఉత్తరం రాయాలన్నా, సభకు పిలవాలన్నా పేరంటూ ఉండాలి కదా! చాలామందికి ఆ పేరు ఆయన ముసలితనంలో గానీ తెలియలేదు. పాత సంచికలు బైండు చేయించి దాచుకున్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని, ఆయన్ను చూసివచ్చి, సీరియల్స్‌ను పుస్తకాలుగా వేయించేందుకు పూనుకున్నారు. గెర్న్స్‌బాక్ ఉత్తరాల పేజీలో చిరునామా వేసిన ఫలితం పదేళ్లలో కనిపించింది. చందమామ పేరు వేయకపోవడం వల్ల అదే పనికి అర్ధశతాబ్దం పట్టింది. తెలుగు పాఠకులు సంఘంగా ఏర్పడకపోవడానికి ఓపిక లేకపోవడం, పుస్తకాలు కొనకపోవడం లాంటి కారణాలు చెబుతుంటారు గానీ ఈ వ్యాసకర్తకు ఇదే ముఖ్యంగా తోస్తుంది.

ఏటేటా కలవడం ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదు. తిరుత్తణి కొండ మెట్లు ఏడాదికి రోజులెన్నో అన్ని, 365. ఇంగ్లీషు కొత్త సంవత్సరం నాడు దొరల ఇళ్లకు వెళ్లి దండం పెట్టుకునే మద్రాసు గుమాస్తాలను ముందు ఆ కొండమీది మురుగన్‌కు దండం పెట్టమని వళ్ళిమలై సచ్చిదానంద స్వామి పిలిచారు. 1910ల చివర డిసెంబరు 31 రాత్రి ఒక చిన్న గుంపు అరుణగిరినాథర్ రాసిన తిరుప్పుగళ్ పాటలు పాడుకుంటూ మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగించి ఎక్కింది. ఇప్పుడది వేలమంది వచ్చే మెట్ల పండుగ. భక్తికీ అభిమానానికీ సామ్యం కట్టడం కాదు గానీ, ఒక గ్రంథాన్ని ప్రేమించే కొద్దిమంది, ఒక తేదీ, ఒక రైలు చాలని ఇక్కడివాళ్లకు న్యూయార్క్ కుర్రాళ్ల కంటే ముందే తెలుసు.

దేశంలో సంఘాలు

మన దేశంలో ముందుగా సంఘం కట్టింది బెంగాలీలు. అద్రీశ్ బర్ధన్ 1963లో కలకత్తా నుంచి 'ఆశ్చర్య' పత్రిక తెచ్చాడు. 1966 జనవరిలో అక్కడే సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ మొదలైంది. అధ్యక్షుడు సత్యజిత్ రాయ్, కార్యదర్శి బర్ధన్. విదేశాల సినిమాలు తెప్పించి సభ్యులకు చూపించేవాళ్లు. కొన్నేళ్లే నడిచింది. మరాఠీలో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీలు పెట్టింది. ఆ పోటీకి జయంత్ నార్లికర్ తన పేరులోని మొదటి అక్షరాలను తిరగేసి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే మారుపేరుతో కథ పంపి బహుమతి గెలిచారు. తమిళంలో సుజాత 'ఎన్ ఇనియ ఇయందిరా'తో రోబోలను వారపత్రికలోకి తెచ్చారు.

తిరుత్తణికి దగ్గర్లో ఇలాంటి సంస్థ పుట్టింది వేలూరులో. 1998లో అక్కడ ఇండియన్ అసోసియేషన్ ఫర్ సైన్స్ ఫిక్షన్ స్టడీస్ ఏర్పడి, వేర్వేరు ఊళ్లలో సదస్సులు జరుపుతూ వచ్చింది. ఇంగ్లీషు శాఖల ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు పత్రాలు చదువుతారు, రచయితలు వచ్చి మాట్లాడతారు. మన ప్రాంతంలో ప్రాంతీయ సమ్మేళనానికి బాగా దగ్గరగా వచ్చింది ఇదే. తేడా అల్లా, అక్కడ సర్టిఫికెట్టు ఇస్తారు. సర్టిఫికెట్టు చేతికొచ్చే చోటికి అభిమాని కన్నా అధ్యాపకుడే ముందు చేరతాడు.

కోనేటమ్మపేట నుంచి 2504కు

తెలుగు అభిమాని మాత్రం సినిమా హాలు దగ్గర గుమిగూడాడు. తెలుగులో సైన్స్ ఫిక్షన్‌కు ఇంటింటా పేరు తెచ్చిన సినిమా వెనక ఈ జిల్లా మనిషి ఒకరున్నారు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పుట్టింది 1946 జూన్ 4న, ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న కోనేటమ్మపేటలో. తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ఒక విమాన ప్రయాణంలో కాలయంత్రం కథ చెబితే బాలుకు నచ్చింది. ఆయనే నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు ఆ కథ సంగతి చెప్పి, సమర్పకుడిగా తన పేరూ ఇచ్చారు. 'ఆదిత్య 369' అలా తెరకెక్కి 1991 జులై 18న విడుదలైంది.

అప్పటికి నందమూరి బాలకృష్ణకు మాస్ హీరోగా గట్టి అభిమాన సంఘాలున్నాయి. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' వాళ్లలో ఎందరు చదివారో గానీ, తమ హీరో కాలయంత్రమెక్కి 1526లో కృష్ణదేవరాయల సభకు వెళ్తే మరో ప్రశ్న లేకుండా నమ్మారు. సైన్స్ ఫిక్షన్ రచయిత పడే పెద్ద కష్టం పాఠకుణ్ణి కొత్త లోకానికి అలవాటు చేయడం. సింగీతం ఆ పనిని రాయలకూ తెనాలి రామకృష్ణుడికీ అప్పగించారు. బాలకృష్ణ ఇటు కృష్ణకుమార్‌గా, అటు రాయలుగా రెండు పాత్రలూ వేశారు. అక్కడి నుంచి 2504కు దూకేసరికి ప్రేక్షకుడు అప్పటికే ప్రయాణానికి అలవాటు పడ్డాడు. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం, పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ ముగ్గురి ఛాయాగ్రహణం దీనికి దొరికాయి. తమిళంలోకి 'అపూర్వ శక్తి 369'గా వెళ్లింది. తిరుత్తణి అన్నదమ్ములకు మళ్లీ ఒకే బొమ్మ, రెండు భాషలు.

2020 సెప్టెంబరు 25న బాలు కన్నుమూశారు. మర్నాడు తిరువళ్ళూరు జిల్లాలోనే తామరైపాక్కంలో ఉన్న ఆయన తోటలో అంత్యక్రియలు జరిగాయి. 2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' కొత్త మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇలాంటి పునర్విడుదలలకు అభిమానులు డైలాగులు ముందే అందుకుని, పాటలకు లేచి ఆడి, కాగితాలు ఎగరేసి చేసే సందడే తెలుగులో సమ్మేళనానికి దగ్గరి బంధువు. లీడ్స్ హాల్లోనూ అందరికీ తెలిసిన కథలే, వాటి గురించి వాదన నడిచేది. మన హాల్లో వాదన ఉండదు, ఈలే.

కామిక్ కాన్, ఆపైన

2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాదుకు, 2024 ఫిబ్రవరిలో చెన్నైకి వచ్చింది. చెన్నైలో తొలి కామిక్ కాన్ నందంబాక్కం ట్రేడ్ సెంటర్లో జరిగింది. తిరువళ్ళూరు నుంచి లోకల్ ఎక్కి, నగరంలో రైలు మారి వెళ్లిరావచ్చు. ఫిలడెల్ఫియా ప్రయాణం కన్నా దగ్గర. అయితే ఇది వ్యాపార సంస్థ నడిపే జాతర. వచ్చినవాళ్లు టికెట్టు కొంటారు, వేషాలు వేస్తారు, బొమ్మలు కొనుక్కుంటారు. వచ్చే ఏడు ఏ ఊళ్లో పెట్టాలో వాళ్లను ఎవరూ అడగరు.

ఓట్లు, కమిటీలు, చీలికలు అన్నీ ఉన్న తెలుగు సమ్మేళనం కావాలంటే అమెరికా వెళ్లాలి. 1977లో మొదలైన అక్కడి తెలుగు సంఘం తానా సభలు రెండేళ్లకోసారి, తరచు జులై 4 సెలవుల దరిదాపుల్లో, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో జరుగుతాయి. అంటే వెస్టర్‌కాన్ పద్ధతే. 2023లో తానా ఫిలడెల్ఫియాలో జరిగింది. రోత్‌మన్ ఇంట్లో కుర్రాళ్లు చేరిన ఊరే.

2023 జులై 20న శాన్‌డియాగో కామిక్ కాన్‌లో నాగ్ అశ్విన్ తీస్తున్న 'ప్రాజెక్ట్ కె' తొలి దృశ్యాలు చూపించారు. ఆ వేదిక మీదికి వెళ్లిన తొలి భారతీయ సినిమా అది. 'కల్కి 2898 ఎ.డి.' పేరుతో 2024 జూన్ 27న విడుదలైంది. అందులోని 'బుజ్జి' అనే బండిని మహీంద్రాతో కలిసి కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ తయారుచేసింది. విడుదలకు ముందు దాన్ని ఊరూరా తిప్పితే జనం ఎగబడి ఫొటోలు దిగారు. ఆ సినిమా మొదలైనప్పుడు మార్గదర్శకుడిగా ప్రకటించిన పేరు సింగీతం శ్రీనివాసరావు. ఈ ముప్ఫై మూడేళ్లలో తెలుగు సినిమా తన భవిష్యత్తును 2504 నుంచి 2898కి, అంటే 394 ఏళ్లు ముందుకు జరుపుకుంది.